ఒహాయో కొండల్లో చెత్త సేద్యం

అమెరికా వెళ్ళివచ్చినవాళ్ళు నయాగరా జలపాతం గురించి చెబుతారు. నేనూ నయాగరా చూశాను. అది ఎంత గొప్పదో చెప్పడానికి నాకన్న ముందు వెళ్ళివచ్చినవాళ్ళు ఇంటింటా ఉన్నారు గనుక, ఆ పని వారికే వదలి నేను చూసిన ఒక మొక్కజొన్న చేను సంగతి చెబుతాను. చేను చూడడానికి అంత దూరం వెళ్ళాలా అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉన్నది. వెళ్ళవలసే వచ్చింది మరి!

ముందు మా చేను సంగతి చెప్పాలి. మాది సిద్దిపేట వైపు ఒక పల్లె. మూడెకరాల ఎర్ర చెలక. వాగు వైపుకు వాలి ఉంటుంది. మా నాయన దానిని సేద్యం చేసినన్నాళ్ళూ "చేనంటే ఆయన చేనే" అని ఊరంతా చెప్పుకునేవారు. పంట ఇంటికి చేరగానే కొయ్యకాళ్ళన్నీ పీకించేవాడు. వాటిని కుప్పలు పోసి కాల్పించేవాడు. తొలకరి ముందు ఒకసారి, తరువాత ఒకసారి అడ్డంగా నిలువుగా దున్ని, గుంటక తోలి, ఆ పైన చేను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవాడు. ఎక్కడైనా ఒక పుల్ల కనిపిస్తే వంగి తీసి గెట్టు అవతల పారవేస్తే గాని ఆయనకు అడుగు ముందుకు పడేది కాదు. "చేను అద్దంలా ఉండాలిరా" అనేవాడు. చెత్త ఉన్న చేను సోమరివాడి చేను అని ఆయన లెక్క. నేను పంతులు ఉద్యోగం దొరికి ఊరు విడిచాను. మా తమ్ముడు ఆ చేనునూ, ఆ లెక్కనూ కూడా వారసత్వంగా పుచ్చుకున్నాడు.

రెండేళ్ళ క్రిందట, నేను అమెరికా బయలుదేరడానికి నెల రోజుల ముందు, తమ్ముడు హైదరాబాదు వచ్చాడు. మాటల్లో మాటగా, "అన్నా, మీది ఎకరంల మొరం తేలింది. నాగలి దిగుతలేదు. ఎవలన్న అడుగుతే ఇచ్చేద్దామా?" అన్నాడు.

"అక్కడి మన్నంతా ఏమైందిరా?" అన్నాను.

"ఏమైతది? వాగుల కలిసింది" అన్నాడు, బస్సు వెళ్ళిపోయింది అన్నంత మామూలుగా.

నాకు జవాబు తోచలేదు. ఆ మాట మనసులో పెట్టుకునే విమానం ఎక్కాను.

మా అమ్మాయి ఒహాయో రాష్ట్రపు రాజధాని కొలంబస్‌లో కాపరముంటున్నది. అల్లుడు తెనాలివాడు. జూన్ నెలలో ఒక శనివారం నాడు, "మామయ్యగారూ, మీకు నవలలంటే ఇష్టం గదా, ఒక నవలా రచయిత పొలం చూపిస్తాను రండి" అని అందరినీ కారెక్కించాడు. ఉత్తరంగా గంటకు పైగా ప్రయాణం. లూకస్ అనే చిన్న ఊరి దగ్గర ఉన్నది ఆ పొలం. దాని పేరు వింటే ఆశ్చర్యపోతారు, మలబార్ ఫారం!

లూయీ బ్రోమ్‌ఫీల్డ్ అనే రచయిత అక్కడికి దగ్గరలోనే మాన్స్‌ఫీల్డులో పుట్టాడు. ఫ్రాన్సులో చాలాకాలం ఉన్నాడు. మన దేశం తిరిగి వెళ్ళి, ఒక భారతీయ సంస్థానం కథావస్తువుగా "ది రెయిన్స్ కేమ్" అనే నవల 1937లో ప్రచురించాడు. రెండేళ్ళకు అది సినిమా కూడా అయింది. యుద్ధం ముంచుకువస్తున్న రోజులలో ఆయన స్వదేశం తిరిగివచ్చి, సారం పోయి గండ్లు పడిన పొలాలు కొన్ని పక్కపక్కనే కొని, మన మలబారు తీరం పేరు పెట్టుకున్నాడు. ఇంటికి 32 గదులు. 1945 మే నెలలో హంఫ్రీ బోగార్ట్, లారెన్ బకాల్ అనే సినిమా తారల పెళ్ళి ఆ ఇంట్లోనే జరిగిందట. మా ఆవిడా, అమ్మాయీ ఆ మేడమెట్ల దగ్గర ఫోటోలు తీసుకోవడంలో మునిగిపోయారు. నేను మాత్రం ఇల్లు చూపిస్తున్న అమ్మాయిని పట్టుకుని, ఈ పొలం బాగుపడిందెట్లా అని అడిగాను. "ఇక్కడికి వచ్చినవాళ్ళు పెళ్ళి గురించి అడుగుతారు గాని, మట్టి గురించి అడిగేవాళ్ళు తక్కువ" అని నవ్వింది.

బ్రోమ్‌ఫీల్డ్ వాలు నేలలకు గడ్డి వేశాడు, వాలుకు అడ్డంగా సాళ్ళు పెట్టించాడు, పంట చెత్తను అడుగున పూడ్చిపెట్టకుండా పైపైన ఉంచాడు. పొలంలోనే ఉన్న ఒక గుట్ట ఎక్కి, వచ్చినవాళ్ళకు ఇదంతా ఉపన్యాసాలుగా చెప్పేవాడట. అదే రాష్ట్రంలో ఎలీరియా అనే ఊళ్ళో ఎడ్వర్డ్ ఫాక్నర్ అనే ఆయన 1943లో ఒక పుస్తకం రాసి, అన్ని తగవులకూ మూలం నాగలే పొమ్మన్నాడు. ఆ పుస్తకం పెద్ద దుమారం లేపింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. వాళ్ళు నాగలి అన్నది మన కర్ర నాగలిని కాదు. మనది నేలను గీరి వదులుతుంది. వాళ్ళది రెక్క నాగలి. పైమట్టిని అమాంతం తిరగవేసి, గడ్డినీ మోళ్ళనూ కిందకు తొక్కి, అడుగుమట్టిని ఎండకు చూపుతుంది. మనకూ ఇప్పుడు ట్రాక్టర్లూ రోటవేటర్లూ వచ్చాక ఈ తేడా ఎంతో మిగలలేదనుకోండి.

అక్కడినుంచి ఆగ్నేయంగా కొషాక్టన్ వైపు వెళ్ళాము. దారిలో హోమ్స్ కౌంటీ అనే ప్రాంతం. ఆమిష్ అనే మతస్థులు అక్కడ ఎక్కువ. మోటారు కార్లు నడపరు. గుర్రపు బండ్లలో తిరుగుతారు, గుర్రాలతోనే దున్నుతారు. మా ఆవిడకు ఊరు విడిచాక మొదటిసారి మనుషుల మధ్యకు వచ్చినట్లు అనిపించిందట. ఆ కౌంటీ దాటాక కొండలు ఇంకా ఎత్తయినవి. పూర్వం మంచుయుగంలో ఉత్తరంనుంచి వచ్చిన మంచు పలకలు ఒహాయోలో చాలా భాగాన్ని చదును చేసి, ఈ వైపు కొండల దాకా రాకుండా ఆగిపోయాయి. అందుకే పడమట బల్లపరుపు నేల, ఇటు ఎగుడుదిగుడు. ఆ ఎగుడుదిగుడు మీదనే మొక్కజొన్న. జూలై నాలుగు నాటికి మోకాలెత్తు రావాలని అక్కడ ఒక సామెత ఉన్నది. ఇప్పటి వంగడాలు ఆ సామెతను ఏనాడో దాటిపోయాయి.

మధ్యాహ్నం మూడింటికి వాన పట్టుకున్నది. మన శ్రావణపు జల్లు కాదు, బిందెలతో కుమ్మరించినట్లు. అల్లుడు కారు పక్కకు తీసి ఆపాడు. పావుగంటకు కాస్త తెరిపి ఇచ్చింది. గొడుగు పట్టుకుని దిగాను. ఎందుకు దిగానో చెబితే నవ్వుతారు. రోడ్డుకు రెండు వైపులా మొక్కజొన్న చేలే. రెండింటిదీ దాదాపు ఒకే వాలు. ఎడమవైపు చేను శుభ్రంగా, మా నాయన చేనులా అద్దంలా ఉన్నది. దాని కింద కాలువలో చిక్కటి టీ లాంటి నీళ్ళు సుడులు తిరుగుతూ పరుగెత్తుతున్నాయి. కుడివైపు చేను చూస్తే అసహ్యం వేసింది. నిరుటి చొప్ప విరిగి, చీకి, బూడిదరంగు తిరిగి, సాళ్ళ మధ్య అడ్డదిడ్డంగా పడి ఉన్నది. దాని మధ్యనుంచి మొక్కలు తలలెత్తాయి. కాని ఆ వైపు కాలువలో నీళ్ళు? నీళ్ళు ఉన్నాయి. గడ్డి నానవేసిన తొట్టి నీళ్ళ రంగులో, అడుగున గులకరాళ్ళు కనబడుతూ పారుతున్నాయి.

నేను ఈ కాలువనుంచి ఆ కాలువకు, ఆ కాలువనుంచి ఈ కాలువకు తిరుగుతూ ఉండగా ఒక పికప్ వ్యాను వచ్చి ఆగింది. డెబ్భై ఏళ్ళ పెద్దమనిషి, తలకు టోపీ. "కారుకు ఏమైనా అయిందా?" అని అడిగాడు. "లేదండీ, మా మామగారు నీళ్ళు చూస్తున్నారు" అన్నాడు అల్లుడు. ఆ పెద్దమనిషి నన్ను ఎగాదిగా చూసి బండి దిగాడు. కుడివైపు చేను ఆయనదే.

"ఆయన సేద్యం చేస్తారా?" అని అడిగాడు అల్లుణ్ణి.

"వారి తమ్ముడు చేస్తాడు. ఇలాగే వాలు నేల."

అంతే, నన్ను చేనులోకి తీసుకుపోయాడు. వంగి, రెండు చొప్ప కర్రలు తొలగించాడు. అడుగున నేల నల్లగా, చెమ్మగా, రొట్టె విరిచినట్లు పొడిపొడిగా ఉన్నది. పెన్సిలు దూరేటంత రంధ్రాలు కనిపించాయి. అవి వానపాములవట. ఆ దేశపు పెద్దజాతి వానపాము ఐరోపానుంచి వచ్చినది. రాత్రిపూట పైకి వచ్చి చెత్తను బొరియలోకి లాక్కుపోయి తింటుంది. దాని బొరియ నిట్టనిలువుగా మూడడుగులకు పైగా దిగుతుంది. దున్నినప్పుడల్లా ఆ బొరియ తెగుతుంది. దున్నకపోతే అది వాన నీళ్ళు దిగే గొట్టం అవుతుంది.

"మా నాన్న మొదలుపెట్టాడు దీనిని, 1970లో" అన్నాడాయన. "అప్పుడు చుట్టుపక్కలవాళ్ళు చెత్త సేద్యం అని పేరు పెట్టారు. మా తాతయ్య సిగ్గుపడి మూడేళ్ళపాటు ఈ చేను వైపు రాలేదు."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. సిగ్గు అక్కడా అదే, ఇక్కడా అదే కాబోలు.

"మీ నాన్నగారు ఎందుకు మొదలుపెట్టారు?" అని అడిగించాను.

ఆయన చేత్తో కొషాక్టన్ వైపు చూపించాడు. 1969 జూలై వాన సంగతి చెప్పాడు. ఆ తరువాత నేను కొలంబస్ గ్రంథాలయంలో నాలుగు రోజులు కూర్చుని ఆ కథ పూర్తిగా చదివాను.

1930లలో అమెరికా మధ్య రాష్ట్రాలలో దుమ్ము తుఫానులు లేచి, ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయినప్పుడు, అక్కడి ప్రభుత్వం మట్టిని కాపాడడానికి 1935లో చట్టం చేసింది. ఆ రోజులలోనే ఈ కొషాక్టన్ దగ్గర కొండల్లో ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. ఒక్కొక్క వాలు చేను కింద నీటిని కొలిచే తూములు కట్టారు. ఆ నీళ్ళలో ఎంత మన్ను వస్తున్నదో తెలుసుకోవడానికి, పారే నీటి ఊపుకే తిరుగుతూ కొద్ది పాలు మాత్రం పట్టి పక్కన పోసే ఒక చక్రం తయారుచేశారు. దానికి కొషాక్టన్ చక్రం అనే పేరు. ఎనిమిదడుగుల లోతు నేలదిమ్మెను కదపకుండా పెట్టెలో బిగించి, తక్కెడ మీద పెట్టి తూచారు! వాన పడితే ఎంత బరువెక్కిందో, ఎండ కాస్తే ఎంత తగ్గిందో లెక్క. మన బంగారు కొట్లవాళ్ళు కూడా ఇంత ఓపిక పట్టరు.

ఆ కేంద్రంలో పనిచేసిన ఎల్లిసన్ అనే ఇంజనీరు 1940లలో ఒక సంగతి తేల్చాడు. మన్ను కొట్టుకుపోవడమంటే పారే నీళ్ళు కోసుకుపోవడమని అందరమూ అనుకుంటాము. మా తమ్ముడూ అదే అనుకున్నాడు, నేనూ అదే అనుకున్నాను. అసలు పని అంతకు ముందే మొదలవుతుంది. పెద్ద వానచినుకు గంటకు ఇరవై మైళ్ళ వేగంతో వచ్చి నేలకు తగులుతుంది. ఉత్త నేల మీద అది చిన్న బాంబు. మట్టి గడ్డను చితక్కొట్టి, రేణువులను రెండడుగుల ఎత్తుకు ఎగజిమ్ముతుంది. మన ఇళ్ళ గోడల అడుగున వానాకాలంలో ఎర్రటి చింది మరకలు చూస్తాము గదా, అదే. అలా చితికిన మెత్తటి మన్ను నేల రంధ్రాలను పూడ్చివేస్తుంది. అప్పుడిక నీరు ఇంకే దారి లేక వాలున పడి, సిద్ధంగా ఉన్న మన్నును ఎత్తుకుపోతుంది. చినుకుకూ నేలకూ మధ్య ఒక ఎండుటాకు అడ్డం ఉంటే చాలు, ఆ దెబ్బ ఆకు తింటుంది.

ఇక 1969 సంగతి. జూలై 4, 5 తేదీలలో ఆ ప్రాంతంలో అయిదంగుళాలకు పైగా వాన కురిసింది. కేంద్రంలో మూడు రకాల మొక్కజొన్న చేలు ఉన్నాయి. ఒకటి దున్ని, వాలు వెంటే సాళ్ళు పెట్టినది. నూరడుగులకు ఆరున్నర అడుగుల వాలు. రెండవది దున్నినదే గాని వాలుకు అడ్డంగా సాళ్ళు పెట్టినది. దాని వాలు ఆరడుగులకు కొంచెం తక్కువ. మూడవది దున్నకుండా, చెత్త మీదనే విత్తినది. అది నూరడుగులకు ఇరవై అడుగులకు పైన వాలు, మనిషి ఎక్కితే రొప్పు వచ్చే చేను. తెల్లవారి లెక్క చూశారు. 1972లో ఆ లెక్కలు ఒక శాస్త్ర పత్రికలో అచ్చయ్యాయి. మొదటి చేనునుంచి ఎకరానికి 45,300 పౌన్ల మన్ను పోయింది. అంటే ఇరవై టన్నుల పైచిలుకు. మన ట్రాక్టరు ట్రాలీతో ఐదారు ట్రాలీలు, ఒక్క వానకు! రెండవ చేనునుంచి 6,430 పౌన్లు. అన్నిటికన్న నిటారైన ఆ మూడవ చేనునుంచి 63 పౌన్లు. ఇరవై తొమ్మిది కిలోలకు లోపు. నేను అంకె తప్పు చదివానేమోనని కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

ఇందులో ఇంకొక విశేషం ఉన్నది. దున్నని చేనునుంచి నీళ్ళు పోలేదనుకునేరు. పోయాయి. రెండున్నర అంగుళాల నీరు పోయింది. అడ్డసాళ్ళ చేనునుంచి పోయిన నీరు 2.28 అంగుళాలు, అంటే కాస్త తక్కువే. నీరు ఇంచుమించు సమానం, మన్ను మాత్రం నూరు రెట్ల తేడా! నేను ఆ రోడ్డు పక్క రెండు కాలువల్లో చూసిందీ అదే. నీళ్ళు వట్టి చేతులతో పోయాయి.

ఇది చదివాక మా నాయన గుర్తుకు వచ్చాడు. ఆయన వంగి ఏరిన ప్రతి పుల్లా కళ్ళముందు కనిపించింది. ఆయన తప్పు చేయలేదు. తన కాలంలో మంచి రైతు అనేవాడు చేయవలసినదంతా చేశాడు, ఒళ్ళు దాచుకోకుండా చేశాడు. కాస్త సోమరి అయి ఉంటే మీది ఎకరంలో మొరం తేలడానికి ఇంకో తరం పట్టేదేమో!

ఆ పెద్దమనిషి తన సేద్యాన్ని మరీ పొగుడుకోలేదు. కలుపు మందులు వచ్చాకనే ఇది సాధ్యమయిందని ఒప్పుకున్నాడు. 1962లో కెంటకీ రాష్ట్రంలో యంగ్ సోదరులు ఎకరంలో మూడు వంతులైనా లేని చెక్కలో దున్నకుండా మొక్కజొన్న వేసినప్పటినుంచీ కలుపును చంపింది నాగలి కాదు, మందే. ఆ మందులు వాగుల్లో కలుస్తున్నాయన్న ఫిర్యాదు ఆ దేశంలో ఇప్పటికీ ఉన్నది. చెత్త కప్పిన నేల వసంతంలో ఆలస్యంగా వెచ్చబడుతుంది. మొలక వెనకబడుతుంది. చెత్త కింద నత్తలు చేరి లేత మొక్కలను కొరుకుతాయి. విత్తే యంత్రం కూడా వేరే. దాని పళ్ళేలు చెత్తను కోసి, నేలలో సన్నని చీలిక చేసి, గింజ వేసి మూసివేస్తాయి. అటువంటి యంత్రం 1966లో బజారులోకి వచ్చాకనే రైతులు ధైర్యం చేశారు.

"ఇంతకీ ఎంత చెత్త ఉంటే చాలు?" అని అడిగించాను.

ఆయన వ్యానులోనుంచి ఒక పాత తాడు తెచ్చాడు. యాభై అడుగుల తాడు, నూరు గుర్తులు. సాళ్ళకు ఐమూలగా నేల మీద పరిచి, చెత్తను తాకిన గుర్తులెన్నో లెక్కపెట్టాలి. విత్తిన తరువాత ముప్ఫై తాకితే నేల నూటికి ముప్ఫై పాళ్ళు కప్పి ఉన్నట్లు. అంతకు తగ్గకుండా ఉంటేనే దానిని మట్టిని కాపాడే సేద్యం అంటారు. మేము వంగి లెక్కపెట్టాము. ఆయన చేనులో అరవై రెండు. మా అమ్మాయి కారులోనుంచి, "బాపూ, తడిసిపోతున్నారు!" అని కేకలు పెడుతున్నది.

కొషాక్టన్‌లో ఆ పరిశోధన కేంద్రం ఇప్పుడు లేదు. ఏడు దశాబ్దాలకు పైగా పనిచేసి, డబ్బు చాలదని మూసివేశారట. తిరుగుదారిలో నూవర్క్ అనే ఊరి దగ్గర ఏడంతస్తుల బుట్ట ఒకటి కనిపించింది. బుట్టలు అమ్మే కంపెనీ ఒకటి తన ఆఫీసును చేతిపిడులతో సహా బుట్ట ఆకారంలోనే కట్టుకున్నది. ఆ కంపెనీ 2018లో మూతబడింది, బుట్ట మిగిలింది. మా ఆవిడ అక్కడ మాత్రం ఫోటో తీయించుకున్నది.

కారులో అల్లుడు ఒక మాట అన్నాడు. "మామయ్యగారూ, మా తెనాలి వైపు వరి కోయగానే మాగాణిలో దున్నకుండా మొక్కజొన్న వేస్తారు. కర్రతో గుంట పొడిచి గింజ వేయడమే. పూర్వం మినుము వేసేవాళ్ళు. పల్లాకు తెగులూ, బంగారు తీగా పట్టి మినుము దెబ్బతిన్నాక ఇది మరిగారు." నిజమే, అయితే అది చదును నేల. అక్కడ దున్నకపోవడం రోజులు కలిసి రావడానికీ, ఖర్చు తగ్గడానికీ. వాలు చెలకకు కావలసినది వేరు. మన ఎర్ర నేల వాన పడి ఎండగానే పైన పెచ్చు కడుతుంది. చెత్త కప్పకుండా దున్నడం మాత్రం మానేస్తే నీరు దిగక ఇంకా ఎక్కువ జారిపోతుంది. కాబట్టి మాకు ముఖ్యం కప్పే, నాగలి తరువాత.

ఆ రాత్రి తమ్ముడికి ఫోను చేశాను. వాడికి అప్పుడే తెల్లవారింది. అంతా విన్నాడు.

"మంచిగనే ఉన్నదన్నా. మరి సొప్ప చేన్ల పరిస్తే బర్లు ఏం తింటయ్?"

ఒహాయోలో ఆ పెద్దమనిషికి ఈ ప్రశ్న ఎదురుకాలేదు. నాకూ జవాబు లేదు.

"ఎవలన్న చూస్తే నవ్వుతరు గూడ" అన్నాడు మళ్ళీ.

"ఆయన తాత కూడా మూడేళ్ళు సిగ్గుపడ్డాడటరా."

వాడు కాసేపు మాట్లాడలేదు. "అమ్ముడు సంగతి ఈ ఏడుకు ఆపుదాం తియ్యి" అని ఫోను పెట్టేశాడు.

ఆ ఏటి కోతలో వాడు చొప్పను నడుమెత్తుకు కోశాడు. పైచొప్ప బర్లకు, కింది మొద్దు చేనుకు. గెట్టు మీద గ్లైరిసీడియా కొమ్మలు నాటాడు. హైదరాబాదు సంతోష్‌నగర్‌లో మెట్ట సేద్యం మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థవాళ్ళు, గెట్ల మీద ఆ చెట్లు పెంచి రొట్ట చేనులో పరచండని చాలాకాలంగా చెబుతున్నదే. అవి ఎదిగేదాకా కానుగ రొట్ట తెచ్చాడు. మరుసటి జూన్‌లో మీది ఎకరంలో పది సాళ్ళు మాత్రం, గింజ పడేచోట గీత గీసి, మధ్యన నేల కదపకుండా విత్తాడు. నులక తాడుకు నేనే నూరు ముడులు వేసి ఇచ్చాను. ముప్ఫై నాలుగు తాకాయి. పక్క చేనువాళ్ళు గెట్టు మీద నిలబడి, అన్నదమ్ములిద్దరూ నేల మీద తాడు పరుచుకుని వంగి లెక్కపెట్టడం చూసి నవ్వనే నవ్వారు.

పది సాళ్ళ కిందా ఒక గుంత, పక్కన మామూలుగా దున్నిన పది సాళ్ళ కిందా అదే కొలతకు ఒక గుంత తవ్వించాను. కొషాక్టన్ చక్రం మాకెక్కడిది? మూరెడు లోతు గుంతలే మా పరిశోధన కేంద్రం.

మొదటి నెల మా పది సాళ్ళ మొక్కలు పసుపుపచ్చగా, బక్కగా ఉన్నాయి. చెత్త కుళ్ళేటప్పుడు నేలలోని నత్రజనిని తానే తినేస్తుందట. పిడికెడు యూరియా ఎక్కువ వేయవలసి వచ్చింది. కలుపుకు మందు కొట్టవద్దని నేను పట్టుబట్టడంతో రెండు కూళ్ళు అదనంగా పడ్డాయి. చెదలు వచ్చి దసరా నాటికి సగం చొప్పను తినేశాయి. ఇవన్నీ తమ్ముడు ఒక్కటొక్కటిగా ఫోనులో నాకు అప్పజెప్పాడు.

జూలై ఆఖరున ఒక రాత్రి గట్టి వాన కురిసింది. తెల్లవారి వాడే ఫోను చేశాడు. "అన్నా, ఒకసారి వస్తవా?" అన్నాడు, ఇంకేమీ చెప్పలేదు. మొదటి బస్సుకు వెళ్ళాను. చేనుకు పోయి చూస్తే దున్నిన సాళ్ళ కింద గుంత లేదు. ఎర్రటి మన్నుతో నిండి నేలకు సమమయిపోయింది, గుర్తుకు పాతిన కర్ర మాత్రం ఉన్నది. రెండవ గుంతలో నీళ్ళు నిలిచి, ఆకులు తేలుతున్నాయి. తమ్ముడు చెయ్యి పెట్టి అడుగు తడిమాడు. బెత్తెడు బురద వచ్చింది. ఆ చేతిని అలాగే చూసుకుంటూ నిలబడ్డాడు. కడుక్కోమని నేనూ అనలేదు.

ఇంటికి వచ్చాక మరదలు చాయ ఇస్తూ, "బావా, మల్లేడు ముప్ఫై సాళ్ళు పెడ్తడట మీ తమ్ముడు. సొప్ప సాలక ఎండకాలం రెండు వేలు పెట్టి గడ్డి కొన్నం. ఈసారి పైసలు మీరే పంపాలె" అన్నది.

పంపుతానన్నాను.